నేరం ఒప్పుకునే ముందు: న్యాయ సందేహాలు, జవాబులు

ప్రశ్న: గెట్టు పంచాయితీల మా తమ్మునిమీద బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 115(2), 126(2) కింద కేసు పెట్టిన్రు. వచ్చే వాయిదాకు నేరం ఒప్పుకుంటే ఫైన్ కట్టి అదే రోజు ఇంటికి పోవచ్చని కోర్టు కాడ అంటున్నరు. కానీ ముందు కర్ర ఎత్తింది అవతలాయననే. తమ్ముడు కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నడు. ఒప్పుకోమంటరా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: వద్దు. ఈ ఫైను ట్రాఫిక్ చలాను లాంటిది కాదు, శిక్ష పడ్డట్టే లెక్క. 115(2) అంటే కొట్టి గాయపరచడం, దానికి ఏడాది వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 126(2) అంటే దారికి అడ్డం పడి ఆపడం, దానికి నెల వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఫైనుతోనే వదిలేస్తారని కోర్టు కానిస్టేబుల్ గానీ వకీలు గానీ మాటివ్వలేరు.

ఇవి సమన్స్ కేసులు, అంటే రెండేళ్లకు మించి జైలు పడని చిన్న కేసులు. బీఎన్ఎస్ఎస్ (కోర్టులో కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 274 ప్రకారం మేజిస్ట్రేట్ ఆరోపణ ఏమిటో వివరించి, ఒప్పుకుంటావా, చెప్పుకునేది ఏమన్నా ఉందా అని అడగాలి. 275 ప్రకారం నిందితుడు అన్న మాటలను సాధ్యమైనంత వరకు అవే మాటల్లో రాయాలి. ఇది తప్పనిసరి అని మహంత్ కౌశల్య దాస్ కేసులో సుప్రీంకోర్టు పాత చట్టం కిందే చెప్పింది. ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష వేసి తీరాలని లేదు, అది మేజిస్ట్రేట్ విచక్షణ.

తేడా వచ్చేది ఇక్కడే. వాయిదాలు ఎక్కువ, టైము తక్కువ. ఒక కేసులో నలుగురుంటే నలుగురినీ వరుసగా నిలబెట్టి ఒక్కమాటే అడుగుతారు. ఒకరు తలూపితే మిగతావాళ్లూ ఊపుతారు. రికార్డులో మాత్రం ‘నేరం ఒప్పుకున్నాడు’ అనే ఒక్క వాక్యం ఉంటుంది. అది నిందితుని మాట కాదు, రాసినవాళ్ల మాట. సరిగా అడగాలంటే ఒక్కొక్కరిని విడిగా పిలవాలి. ఆ రోజు ఏం చేసినవ్? ఎవరన్నా ఆశ పెట్టిన్రా, బెదిరించిన్రా? ఎంత శిక్ష పడొచ్చో తెలుసా? ఒప్పుకోకుంటే సాక్షులను ప్రశ్నించొచ్చని తెలుసా? వకీలు కావాలా?

మీ తమ్ముడు ‘కొట్టిన సార్, కానీ ముందు ఆయన కర్ర ఎత్తిండు’ అంటే అది ఒప్పుకోలే కాదు, ఆత్మరక్షణ వాదన. కేసు విచారణకు వెళ్లాలి. ‘కానీ’ తర్వాతి మాట రికార్డుకెక్కిందో లేదో చూసుకోండి. సంతకం పెట్టే ముందు చదివి వినిపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంకో దారి ఉంది. ఈ రెండు సెక్షన్లూ రాజీకి పనికొస్తాయి. బీఎన్ఎస్ఎస్ 359 కింద రాజీ అయితే దాని ఫలితం నిర్దోషిగా విడుదలే. లోక్ అదాలత్‌లో కూర్చున్నప్పుడు రాసేది రాజీనా, ఒప్పుకోలా అని తప్పక అడగండి. అక్కడి హడావుడిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక ఉద్యోగం ఫారంలో కేసుల గురించి అడిగితే రాజీ అయినదైనా దాచొద్దు. దాచినందుకే ఉద్యోగం పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నాయన వకీలు లేకుండనే ఒప్పుకొని ఫైన్ కట్టిండు. జడ్జిగారు ఏమడిగిన్రో సమజ్ కాలేదంటడు. ఇప్పుడు అప్పీల్ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: ఒప్పుకొని శిక్ష పడితే బీఎన్ఎస్ఎస్ 416 ప్రకారం శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నంత వరకే అప్పీల్. ఒప్పుకోలు తీసుకున్న తీరే తప్పంటే సెషన్స్ కోర్టులో బీఎన్ఎస్ఎస్ 438 కింద రివిజన్ (కింది కోర్టు చేసింది సరైనదేనా అని పై కోర్టు చూడమని కోరడం) వేయాలి. గడువు 90 రోజులు. నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు అందులో లెక్కకు రావు. తీర్పుతో పాటు ఒప్పుకోలు రాసిన కాగితం నకలు కూడా అడగండి. అసలు బలం దానిలోనే ఉంటుంది. ఆయన మాటలు లేకుండా అచ్చు ఫారంలో పేరు నింపి వేలిముద్ర వేయించి ఉంటే మీకు గట్టి ఆధారం.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఫోన్ 15100. అయితే రివిజన్ గెలిచినా కేసు కొట్టేసినట్టు కాదు. మామూలుగా మళ్లీ మేజిస్ట్రేట్ ముందుకే వస్తుంది, సాక్షుల విచారణ మొదలవుతుంది, వాయిదాలకు తిరగాల్సి ఉంటుంది. అది మీ నాయన తట్టుకోగలడా అన్నది చూసుకొని వేయండి.