చేప వాసన డ్రమ్ము, షుగర్ గోలీ

ప్రశ్న: మా అబ్బాయి చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో హెల్పర్‌గా చేరి మూడు నెలలైంది. ఇంటికొస్తే బట్టలు కుళ్లిన చేపల వాసన కొడుతున్నాయి. అడిగితే డైమిథైలమీన్ డ్రమ్ములని చెబుతాడు. అదేంటి? దేనికి వాడతారు? నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, నకిరేకల్

జవాబు: అమ్మా, ఆ చుట్టుపక్కలే బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో, అంటే గోలీల్లో వాడే అసలు మందు పదార్థం తయారుచేసే ఫ్యాక్టరీలో, నేను 22 ఏళ్లు పనిచేశాను. ఆ వాసన నాకు బాగా తెలుసు. మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, వాళ్లు వేసుకునే మెట్‌ఫార్మిన్ గోలీ పుట్టేది ఆ డ్రమ్ములోంచే.

మిథనాల్, అమ్మోనియా కలిపి డైమిథైలమీన్ తయారుచేస్తారు. దాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఉప్పుగా మార్చి, డైసయాండయమైడ్ అనే తెల్లపొడితో రియాక్టర్‌లో వేడిచేస్తే రెండూ కలిసి మెట్‌ఫార్మిన్ అవుతుంది. 500 మిల్లీగ్రాముల గోలీలో సుమారు 136 మిల్లీగ్రాములు ఈ అమీన్ (డైమిథైలమీన్) నుంచి వచ్చిందే. పూర్తిగా వేరే పదార్థమైపోతుంది కాబట్టి ఆ ఘాటు గోలీలో ఉండదు. డీఎంఎఫ్ అనే సాల్వెంట్‌కూ (పదార్థాల్ని కరిగించే ద్రవం), మొక్కజొన్న చేలల్లో కొట్టే 2,4-డి అమైన్ సాల్ట్ కలుపుమందుకూ ఇదే కావాలి.

ఇక మీ భయం సంగతి. అది ఉండాల్సిన భయమే. డైమిథైలమీన్ 7 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే సాధారణంగా నీళ్లలో 40 శాతంగా కలిపి డ్రమ్ముల్లో పంపుతారు. మే నెల ఎండలో కాగిన డ్రమ్ము మూత ఒక్కసారిగా తిప్పితే గ్యాస్ ముఖం మీదికి కొడుతుంది. మా షిఫ్ట్‌లో ఒక పిల్లాడికి అలాగే కళ్లలో పడింది. పావుగంట ఆపకుండా నీళ్లు పోసి ఆసుపత్రికి తీసుకెళ్లాం. చూపు దక్కింది. రక్షణ కళ్లద్దాలు ఇవ్వకుండా ఆ పిల్లాడిని పనిలోకి దింపినవాళ్ల మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.

మీ అబ్బాయికి కళ్లద్దాలు, గ్లవ్స్, అమీన్ గ్యాస్‌కు పనికొచ్చే మాస్క్ ఇచ్చారా, అడగండి. గుడ్డ మాస్క్ దీన్ని ఆపదు. డ్యూటీ బట్టలు అక్కడే మార్చుకుని రావాలి. ఇప్పటికే ఇంటికొచ్చినవాటిని వేరుగా, కాస్త నిమ్మరసం కలిపిన నీళ్లలో జాడించండి. చేపలకు నిమ్మరసం పట్టిస్తే నీచు తగ్గినట్టే, పులుపు అమీన్‌ను గాల్లోకి లేవని ఉప్పుగా మార్చేస్తుంది.

ఇంకొక్క మాట అతనికి గట్టిగా చెప్పండి. కొంతసేపటికి ముక్కు అలవాటుపడి వాసన తెలియదు, గ్యాస్ మాత్రం అక్కడే ఉంటుంది. వాసన పోయిందని మాస్క్ తీయొద్దు.