కుక్కపిల్ల వచ్చేలోపు ఆ సైకస్ పంపించెయ్

అమ్మలూ,

కుక్కపిల్లని తెచ్చుకుంటున్నావని మీ నాన్న చెప్పాడు. చిన్నప్పుడు మన నర్సరీలో వీధికుక్క కనబడితే నా లుంగీ పట్టుకుని వెనక్కి దూరేదానివి. నువ్వు కుక్కని పెంచుతానంటే ముచ్చటేసింది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మనీ ప్లాంట్ ఉంచొచ్చా అని అడిగావట. కందలో దురద పుట్టించే కాల్షియం ఆక్సలేటే దాని ఆకుల్లోనూ ఉంటుంది. నమిలితే నోరు మండుతుంది, చొంగ కారుతుంది, వాంతి కావచ్చు. ప్రాణం మీదికి రావడం అరుదు. తీగని ఎత్తులో వేలాడదీయి. కలబంద కూడా పై అరలోకి ఎక్కించెయ్.

నా బెంగంతా నీ గృహప్రవేశానికి నేనే మోసుకొచ్చి హాల్లో పెట్టిన సైకస్ గురించి. సేగో పామ్ అంటారు గానీ అది పామ్ జాతే కాదు. ఆకు, మొదలు, వేరు అన్నీ విషమే, గింజ మరీను. అందులోని సైకాసిన్ అనే విషం కుక్క కాలేయాన్ని పాడుచేస్తుంది.

మీ పెద్దమ్మ తమ్ముడింట్లో పొమరేనియన్ ఉండేది. పెరట్లో సైకస్ కాయలు కాసింది. మొవ్వులో బొచ్చు మధ్య పండిన వక్కకాయల్లా నారింజ రంగులో భలే ఉంటాయిలే. పిల్లలు వాటిని విసిరితే అది పట్టుకొచ్చేది. ఓ సాయంత్రం ఒకటి కొరికి మింగేసింది. తిడతారని పిల్లలు చెప్పలేదు. రాత్రికి వాంతులు. బల్లిని తినుంటుందిలే అని మజ్జిగ పోశారు. పొద్దుటికి వాంతులు తగ్గాయని నాకు ఫోన్ చేసి సంబరంగా చెప్పాడు కూడా. మూడో రోజుకి చిగుళ్లు, కళ్లు పచ్చబడ్డాయి. తినగానే తెచ్చుంటే కక్కించి, బొగ్గు మందు పట్టించేవాణ్ణి, ఇప్పుడు కాలేయం పోయిందన్నాడు డాక్టరు. ఆ పిల్లలు ఎన్నాళ్లో పెరట్లోకి వెళ్లలేదు.

అందుకే వాంతి తగ్గిందని ఆగకు. కక్కించాలని ఇంట్లో ఉప్పునీళ్లు పొయ్యకు, అది ఇంకో ప్రమాదం. నమిలిన ఆకుముక్క పట్టుకుని తిన్నగా డాక్టరు దగ్గరికి పరిగెత్తు.

మీ అపార్ట్‌మెంట్ గేటు పక్కన గన్నేరు ఉంది, చూశాను. అది గుండెని పట్టేస్తుంది. అక్కడ గొలుసు కురచగా పట్టుకో. మల్లె, మందారం, స్పైడర్ ప్లాంట్ అయితే భయం లేదు, నీ ఇష్టమొచ్చినన్ని పెంచుకో. పామే కావాలంటే అరెకా. బయట కొనేటప్పుడు ఆకు కొస తడిమి చూడు. అరెకా ఆకు మెత్తగా ఒంగుతుంది, సైకస్ కొస సూదిలా గుచ్చుకుంటుంది.

నాతో ఒక్కమాట చెప్పకుండా కుక్కపిల్లకి అడ్వాన్సు కూడా కట్టేశావట, గడుసుదానివే. ఈ వారం మన మొక్కల లారీ హైదరాబాద్ వస్తోంది, రెండు అరెకాలు వేసి పంపుతున్నాను. సైకస్ డ్రైవరుకి ఇచ్చెయ్. పెదనాన్న ఇచ్చిందని మొహమాటపడకు. కుండీ చుట్టూ రాలిన ముక్కలుంటే ఊడ్చి పారెయ్. డ్రైవరు వచ్చే ముందు ఫోన్ చేస్తాడు, ఎత్తు తల్లీ. నువ్వసలు కొత్త నంబర్లు ఎత్తవు.

మీ పెదనాన్న,
కడియపులంక