1971 యుద్ధం ముగిసిన రోజు విశాఖలో ఏం చేశారు? మా వీధిలో నాకు గుర్తున్నది

‘యుద్ధం అయిపోయిన రోజు దీపావళిలా దీపాలు పెట్టుకున్నాం’ అని మీ తాతగారు చెప్పేవారని, అది ఏ రోజు, ఎలా జరిగిందని అడిగారు. అప్పటికి నాకు 11 ఏళ్లు. పెదవాల్తేరులో జాలరిపేటకి దగ్గర్లో ఉండేవాళ్లం. ఊరంతటి సంగతి చెప్పలేను కానీ మా వీధి సంగతి బాగా గుర్తుంది.

డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. భూకంపం అనుకుని అమ్మ మమ్మల్ని వాకిట్లోకి లాక్కొచ్చింది. పౌర్ణమి వెళ్లిన మర్నాడు కాబట్టి వెన్నెల బాగా ఉంది, సముద్రం మాత్రం మామూలుగానే కనిపించింది. అది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ పేలి మునిగిన చప్పుడని కొద్ది రోజులకు తెలిసింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ అది ఇంత దగ్గరకి వచ్చిందట. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలతో (నీటి లోపల పేలే బాంబులు) ఘాజీ మునిగిందని మన నేవీ అంటుంది, లోపలే పేలుడు జరిగిందనో సొంత మందుపాతరే తగిలిందనో పాకిస్తాన్ వాళ్లు అంటారు. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

ఆ తర్వాత అన్నీ చీకటి రాత్రులే. శత్రు విమానాలకి ఊరు కనిపించకూడదని కిటికీలకి నల్ల కాగితాలు మైదాపిండి జిగురుతో అంటించాం. కార్ల హెడ్‌లైట్లకి సగం వరకు నల్లరంగు పూసేవాళ్లు. సైరన్ మోగితే పొయ్యిలో నిప్పు కూడా ఆర్పేసేది అమ్మ. మాకు తెలిసిన జాలరి కుటుంబాలు రాత్రి వేట మానుకున్నాయి. ఆ టెన్షన్‌లో వాళ్ల ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగిందో మేం పిల్లలం ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే బాధగా ఉంటుంది.

డిసెంబరు 16 గురువారం. మా వైపు లక్ష్మివారం అంటారు. పైగా ఆ ఏడు మార్గశిరంలో అదే ఆఖరి లక్ష్మివారం. అమ్మ పొద్దున్నే బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లింది. ఆ తల్లికి పైకప్పు ఉండదు, ఎవరి పూజ వాళ్లే చేసుకోవచ్చు. అమ్మ పసుపు నీళ్లు పోసి, కుంకుమ తెచ్చుకుని వచ్చింది. సాయంత్రం పక్కింటి మామ్మగారి రేడియోలో వార్త వచ్చింది: ఢాకాలో, అంటే అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో (ఇప్పటి బంగ్లాదేశ్), పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. అక్కడ వాళ్ల జనరల్ నియాజీ, మన జనరల్ అరోరా ముందు సంతకం పెట్టాడు. వీధిలోకి జనం వచ్చేశారు. ఒకాయన బెల్లం తెచ్చి అందరి చేతుల్లో పెట్టాడు. పిల్లలం కంచాలు వాయించుకుంటూ తిరిగాం. ఎవరో దీపావళికి మిగిలిన టపాకాయ పేల్చారు. ఆ ఒక్క చప్పుడుకి వీధంతా గొంతులు ఆగిపోయాయి. మామ్మగారు గుండెమీద చెయ్యి వేసుకుని అరుగు మీద కూలబడ్డారు. టపాకాయేనని తెలిశాక ఆవిడే ‘ఇంకోటి పేల్చండ్రా’ అన్నారు. నేను ఆ పండగంతటిలో ముందు తలుచుకునేది ఆ మాటే.

కానీ కిటికీ కాగితాలు పీకుదామంటే నాన్న ఒప్పుకోలేదు. ‘పడమటి సరిహద్దులో ఇంకా కాలుస్తున్నారు, అది ఆగే దాకా వద్దు’ అన్నారు. ఆ రాత్రి మా వీధి చీకట్లోనే సంబరం చేసుకుంది.

17వ తేదీ రాత్రి 8 గంటలకి అక్కడా కాల్పులు ఆగాయి. ఆ రాత్రి అమావాస్య. నాన్న గడియారం చూసి, వార్తలు మళ్లీ విని, అప్పుడు లేచి మొదటి కాగితం తనే చించారు. జిగురు ఎండి అద్దానికి పట్టేసింది, గోళ్లతో గీకాం. అమ్మ గుమ్మం రెండు వైపులా ప్రమిదలు పెట్టింది. ఎదురింట్లో, ఆ పక్కింట్లో ఒక్కొక్కటే వెలుగు. మీ తాతగారు చెప్పింది బహుశా ఈ రాత్రి గురించే. 14 రాత్రుల తర్వాత ఇంటి ముందు మనుషుల ముఖాలు కనిపించాయి.

ఒక చిన్న సవరణ. నేవీ డే డిసెంబరు 4 ఘాజీ కోసమని చాలామంది అనుకుంటారు. అది కరాచీ రేవు మీద మన నౌకాదళం చేసిన దాడికి గుర్తు. ఈ యుద్ధ విజయానికి గుర్తుగా ఆర్కే బీచ్‌లోని ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం 1996లో కట్టారు.

జాలరిపేట వాళ్ల పండగ దీపాలతో కాదు, వేటతో మొదలైంది. గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి, లాంతర్లు పెట్టుకుని తెప్పలు బయల్దేరుతుంటే ఒడ్డున నిలబడి చూశాం. నీళ్ల మీద ఆ చుక్కలు కదలడం అంత అందంగా ఉంటుందని అంతకుముందు గమనించలేదు. ఆదివారం, మాకు ఎప్పుడూ చేపలు తెచ్చే అమ్మాయమ్మ గంపతో వచ్చింది. కానాగంతలు దోసిలితో పోసి డబ్బులు వద్దంది. అమ్మ అడిగింది, ‘ఆ ఘాజీ మునిగిన చోటుకి కూడా వెళ్లారా?’ అని.

‘ఆ దిక్కున మావోళ్లు వల ఎయ్యలేదమ్మా. అడుగున మనుషులున్నారు గదా’ అంది.

అందులో 90 మందికి పైగా ఉన్నారు. అమ్మ ఇంకేమీ అడగలేదు. చేపలు కడగడానికి నీళ్లు తోడింది.