ట్రెడ్‌మిల్ దగ్గరే ఆగిపోయిన మూడు నెలలు

ఈసారి ఉత్తరాల్లో జిమ్ గురించే ఎక్కువ వచ్చాయి, అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి వాయిదా వేశా, కోప్పడకండి.

ప్రశ్న: అక్కా, నాకు 29. జిమ్‌లో చేరి మూడు నెలలైంది. చేరిందే బరువులు ఎత్తడం నేర్చుకుందామని, కానీ ఇప్పటిదాకా ట్రెడ్‌మిల్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. వెయిట్స్ ఉన్న వైపు వెళ్తే ఆ అద్దాలు, ఆ చప్పుడు, అందరూ పుట్టినప్పట్నుంచీ అదే పని చేస్తున్నట్టు ఉంటారు. రెండుసార్లు ధైర్యం చేసి రాడ్ దాకా వెళ్ళా, వెళ్ళి ఫోన్ చూస్తున్నట్టు నటించి, నీళ్ళు తాగి, మళ్ళీ ట్రెడ్‌మిల్ ఎక్కేశా. అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంటుంది. ఇంట్లో అడిగితే బరువులు ఎత్తుతున్నా అని అబద్ధం కూడా చెప్పేశా. నాలాంటోళ్ళకి ఇది కుదరదేమో, మానేయనా?

జవాబు: మానేయకు చెల్లీ. ఆ నీళ్ళ బాటిల్ ఉపాయం నాకూ బాగా తెలుసు, నేనైతే షూ లేసులు కూడా విప్పి కట్టుకునేదాన్ని, ఒక్క గంటలో నాలుగుసార్లు.

ముందు నా పరువు పోయిన కథ చెప్తా, దాంతో నీది చాలా చిన్న కష్టం అనిపిస్తుంది. కొత్తల్లో ఒకరోజు స్క్వాట్ ర్యాక్ (రాడ్ ఆనించి పెట్టే స్టాండు) మీద ఎవరో వదిలేసిన రాడ్‌కి ప్లేట్లు ఉంటే తీసేద్దామని ఒక పక్కవి మొత్తం తీసేశా. రెండో పక్కవి అలాగే ఉన్నాయి. ఇంకేముంది, రాడ్ తూకం తప్పి ఒక కొస పైకి లేచి, రెండో కొస ధడేల్మని నేలకి కొట్టుకుంది. అంతా ఆగిపోయి చూశారు. ఎంతసేపు అనుకున్నావ్, పది సెకన్లు కూడా ఉండదు. ఒకాయన వచ్చి దెబ్బ తగిలిందా అని అడిగి, ఈ పక్క ఒకటి ఆ పక్క ఒకటి మార్చి మార్చి తీయాలమ్మా అని చూపించి, తన సెట్‌కి (ఆగకుండా వరసగా ఎత్తే ఒక విడతని సెట్ అంటారు) తను వెళ్ళిపోయాడు. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా బయటపడి రెండు వారాలు ఆ ఛాయలకి పోలేదు. తర్వాత వెళ్తే ఎవ్వరికీ గుర్తులేదు, ఆయన్ని పలకరించి థాంక్స్ చెప్తే దేనికి అన్నట్టు చూశాడు.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతా, నిజం చెప్పు. రేపు నువ్వెళ్ళేసరికి జిమ్‌లో ఒక్క మనిషి కూడా లేడనుకో, తలుపేసుకుని నువ్వొక్కదానివే ఉన్నావ్. రాడ్ దగ్గరికెళ్ళి ఏం చేస్తావ్? ఏ ఎక్సర్‌సైజ్, ఎంత బరువు, ఎన్నిసార్లు? నాకు తెలిసి అప్పుడు కూడా ఫోనే చూస్తావ్. ఎందుకంటే నీకున్న భయంలో జనాల వాటా తక్కువ, ఏం చేయాలో తెలియకపోవడం వాటా ఎక్కువ. ట్రెడ్‌మిల్ మీద భయం ఎందుకు వేయదు? అక్కడా జనం ఉన్నారు, అక్కడా అద్దాలున్నాయి, కానీ బటన్ నొక్కితే నడవాలని తెలుసు కాబట్టి.

జనాలు చూడట్లేదని నేను చెప్తే నమ్మవు గానీ, దీని మీద ఒక ప్రయోగం ఉంది. థామస్ గిలోవిచ్ అని కార్నెల్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్, ఆయన టీమ్ 2000లో ప్రచురించింది. స్టూడెంట్లకి సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న టీషర్ట్ ఒకటి తొడిగి, మిగతావాళ్ళు కూర్చున్న గదిలోకి పంపించి బయటికి రాగానే, నీ టీషర్ట్ మీద ఎవరి బొమ్మ ఉందో ఎంతమంది చెప్పగలరనుకుంటున్నావ్ అని అడిగారు. దాదాపు సగంమంది అన్నారు వేసుకున్నవాళ్ళు. నిజంగా గమనించింది అందులో సగమే, అంటే గదిలో నాలుగో వంతు. మరి జిమ్‌లో సెట్‌కీ సెట్‌కీ మధ్య ఆయాసపడుతూ ఇది నాలుగోదా ఐదోదా అని లెక్క తప్పిపోయి నిలబడ్డవాడికి నీ రాడ్ మీద ఎంత బరువుందో చూసే ఓపిక ఎక్కడిది?

ఇంకో సంగతి, ఇది నాకు భలే నచ్చుతుంది, నవ్వకు. రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్టు 1969లో బొద్దింకల మీద ప్రయోగం చేశాడు. వెలుతురు నుంచి తప్పించుకోడానికి తిన్నగా పరిగెత్తే దారిలో ఉన్న బొద్దింక, పక్కన వేరే బొద్దింకలు చూస్తుంటే ఇంకా జోరుగా పరిగెత్తింది, అదే వంకర దారి పెట్టి మలుపు తిరగాలంటే మాత్రం ప్రేక్షకులుంటే తడబడి ఆలస్యం చేసింది. అలవాటైన పనికి చూసేవాళ్ళుంటే హుషారు, కొత్త పనికైతే గాభరా. అంటే అక్కడ గట్టిగా అరుస్తూ ఎత్తేవాళ్ళకి జనం ఉంటే ఊపొస్తుంది, నీకు కాళ్ళు వణుకుతాయి, ఇద్దరూ కరెక్టే. బొద్దింకకే తప్పలేదు, నీకెందుకు సిగ్గు.

కాబట్టి చేయాల్సింది ఏంటంటే ఆ వంకర దారిని తిన్నగా చేసుకోవడం. ఇంట్లోంచి బయల్దేరేముందే ఒక కాగితం మీద మూడే మూడు రాసుకో. డంబెల్‌ని రెండు చేతుల్తో గుండెకి ఆనించి పట్టుకుని కూర్చుని లేవడం, దీన్ని గాబ్లెట్ స్క్వాట్ అంటారు. బెంచ్ మీద ఒక చెయ్యి ఆనించి వంగి రెండో చేత్తో డంబెల్‌ని నడుము వైపు లాగడం, అది రో. బెంచ్ మీద పడుకుని రెండు డంబెల్స్ పైకి తోయడం, అది ప్రెస్. ఒక్కోటి పదేసిసార్లు, మూడు సెట్లు, సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు నిమిషాలు రెస్ట్. ఇంకో రెండుసార్లు చేయగలను అనిపించినప్పుడే ఆపెయ్, ఊపిరి బిగబట్టుకోకు, తోసేటప్పుడు వదులు. మొత్తం నలభై నిమిషాల్లో అయిపోతుంది. వారానికి రెండు రోజులు చాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా పెద్దవాళ్ళు కండరాలకి పని చెప్పేది వారానికి కనీసం రెండు రోజులు చేయమనే ఉంది. బీపీ గానీ పాత నడుం నొప్పి గానీ ఉంటే డాక్టర్‌ని ఒక మాట అడిగి మొదలుపెట్టు.

ఇవన్నీ డంబెల్స్‌తోనే ఎందుకంటే వాటిని తీసుకుని ఓ మూలకెళ్ళి చేసుకోవచ్చు, ఎవర్నీ జరగమనక్కర్లేదు, బరువెంతో దాని మీదే రాసుంటుంది. రాడ్ దగ్గర కొత్తవాళ్ళు దెబ్బతినేది అక్కడే. ఖాళీ రాడ్ అంటే ఉత్తదే కదా అనుకుంటారు, మామూలుగా వాడే పొడవాటి ఒలింపిక్ రాడ్ ఒక్కటే 20 కేజీలు, ఆడవాళ్ళ కోసం చేసే కొంచెం సన్నటి రాడ్ 15. ప్లేట్లు లేకుండా ఎత్తుతున్నా అని సిగ్గుపడేవాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, నీళ్ళు నిండిన బకెట్టంత బరువు చేతుల్లో ఉంది. అదీ బరువే అయితే రాడ్ కూడా ఆగుతుంది, ఎక్కడికీ పోదు, ఒక నెల తర్వాత వెళ్ళు.

మొదటి రోజైతే కాగితంలో ఉన్నవి కూడా మొత్తం చేయకు. రద్దీ లేని టైమ్ ఎప్పుడో రిసెప్షన్‌లో అడిగి అప్పుడెళ్ళి, డంబెల్స్ ఎక్కడున్నాయి, నీకు పనికొచ్చే బరువు ఏ వరసలో ఉంది, బెంచ్ ఎలా వాలుస్తారు, ఇది చూసి ఒక్క గాబ్లెట్ స్క్వాట్ మూడు సెట్లు చేసి వచ్చెయ్. ఎలాగూ ఫీజు కట్టావ్ కాబట్టి అక్కడున్న ట్రైనర్‌ని పట్టుకుని ఈ మూడూ ఒకసారి నా ఫామ్, అంటే చేసే తీరు, చూడండి అని అడుగు. ఎలా చేయాలి అని అడిగితే వాళ్ళకి నచ్చిన పదిహేను రకాలు చూపించి నీ బుర్ర తిప్పేస్తారు, అందుకే ఈ మూడే చూడండి అని కచ్చితంగా అను.

మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేసి ఏడుపొస్తుంది, అది కొత్త కాబట్టి, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. కీలులో పొడిచినట్టు నొప్పైతే మాత్రం అది వేరే, ఆపేసి చూపించుకో. మొదటి నెలన్నరలో అద్దంలో ఏమీ కనపడదు కానీ నువ్వు ఎత్తే బరువు మాత్రం గబగబా పెరుగుతుంది, ఎందుకంటే మొదట్లో పెరిగే బలంలో ఎక్కువ భాగం నరాలు ఆ పని నేర్చుకోవడం వల్ల, కండ పెరిగేది తర్వాత. అందుకే అద్దం చూడకు, ఆ కాగితం మీద అంకెలు చూసుకో. ఇంట్లో చెప్పిన అబద్ధం సంగతి, వచ్చే వారానికి నిజమైపోతుందిగా, వదిలెయ్.

ప్రశ్న: నేను రెండు వారాలుగా డంబెల్స్ చేస్తున్నా మేడమ్. ఎప్పుడు చూసినా బెంచ్ మీద ఎవరో ఒకరు ఉంటారు, అడగాలంటే మొహమాటం. ఇంకోటి, నిన్న ఎవరో వచ్చి "అలా కాదు" అని అడక్కుండానే క్లాస్ పీకి వెళ్ళాడు, అప్పట్నుంచీ అటు వెళ్ళబుద్ధి కావట్లేదు.

జవాబు: బెంచ్ కోసం అడగాల్సింది ఒక్కటే మాట, "ఇంకా ఎన్ని సెట్లున్నాయండీ?" ఇది అడగడానికి కండలక్కర్లేదు. రెండున్నాయంటే ఆగు, ఆరున్నాయంటే "మీరు రెస్ట్ తీసుకునేటప్పుడు నేనొక సెట్ చేసుకోనా" అను, చాలామంది సరే అంటారు, ఇలా పంచుకోవడం జిమ్‌లో మామూలే. అయితే సెట్ మధ్యలో ఉన్న మనిషిని పలకరించకు, రాడ్ పెట్టేసి ఊపిరి పీల్చుకున్నాక అడుగు. నువ్వు కూడా డంబెల్స్ స్టాండ్‌కి ఆనుకుని నిలబడి చేయకు, రెండడుగులు వెనక్కి జరుగు, లేకపోతే మిగతావాళ్ళకి అందవు. ఇవి తెలిస్తే చాలు, సగం పాతకాపువి అయిపోయినట్టే.

క్లాస్ పీకిన ఆయన విషయం. వీళ్ళు రెండు రకాలు. నువ్వు నడుం విరగ్గొట్టుకునేలా వంగుతుంటే చూడలేక చెప్పేవాళ్ళు ఒకరు, వాళ్ళు ఒక్క ముక్క చెప్పి పోతారు. ఇంకో రకం పది నిమిషాలు చెప్తారు. మొదటివాళ్ళ మాట విను, రెండోవాళ్ళకి "థాంక్సండీ, నేను ట్రైనర్ చెప్పింది ఫాలో అవుతున్నా" అని చెప్పి ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకో, వాటిలో పాట రాకపోయినా పర్లేదు. కానీ ఎవడైనా నిజంగానే గుడ్లప్పగించి చూస్తున్నాడు, వెనకే తిరుగుతున్నాడు, ఫోన్‌తో వీడియో తీస్తున్నాడు అనుకో, అప్పుడు పైన చెప్పిన టీషర్ట్ ప్రయోగం వర్తించదు. అది నీ భ్రమ అని సర్దుకోకు. నేరుగా మేనేజర్ దగ్గరికెళ్ళి చెప్పు, వాళ్ళు నవ్వేసి ఊరుకుంటే డబ్బులు పోయినా సరే ఆ జిమ్ మార్చెయ్.

ప్రశ్న: బెంచ్ ప్రెస్ చేయాలని కోరిక, కానీ రాడ్ ఛాతీ మీద ఇరుక్కుపోతే? నేను ఒక్కడినే వెళ్తా.

జవాబు: ఈ భయం మంచిదే తమ్ముడూ, ఇది ఉండాలి. ర్యాక్‌లో బెంచ్ వేసుకుని చేయి, దానికి అటూ ఇటూ అడ్డంగా సేఫ్టీ బార్లు ఉంటాయి. వాటి ఎత్తు ఎలా పెట్టాలంటే, ఛాతీ పైకెత్తి పడుకున్నప్పుడు రాడ్ నీ ఛాతీకి తగలాలి, గాలి వదిలేసి చదునుగా పడుకుంటే రాడ్ ఆ బార్ల మీద కూర్చోవాలి. బరువు ఎక్కించకముందే ఖాళీ రాడ్‌తో ఇది రెండుసార్లు సరిచూసుకో, మెడ దగ్గర కూడా రాడ్ బార్ల మీదే ఆగుతోందా అని మరీ మరీ చూసుకో. బొటనవేలు రాడ్ చుట్టూ తిప్పి పట్టుకో, కొంతమంది స్టైల్‌గా వేళ్ళన్నీ ఒకే వైపు పెడతారు, చెయ్యి జారిందంటే నేరుగా గుండెల మీదకే.

సేఫ్టీ బార్లు లేని బెంచ్ అయితే ఒంటరిగా గట్టి బరువులు వద్దు, డంబెల్స్‌తో చేసుకో, అవైతే చేతగాకపోతే పక్కకి దించేయొచ్చు, పక్కన ఎవరి కాళ్ళూ లేకుండా చూసుకో. లేదంటే ఎవరినైనా స్పాట్ చేయమని, అంటే రాడ్ ఇరుక్కుంటే పట్టుకోడానికి దగ్గర నిలబడమని అడుగు. అడిగేటప్పుడు ఎన్నిసార్లు ఎత్తబోతున్నావో ముందే చెప్పు, నేను చెప్పేదాకా రాడ్ ముట్టుకోవద్దు అని కూడా చెప్పు, లేకపోతే మొదటి రెప్ (ఒకసారి ఎత్తి దించడం) నుంచే వాళ్ళు సగం ఎత్తేసి "సూపర్ బ్రో" అంటారు, నువ్వు నిజంగా ఎంత ఎత్తావో నీకూ తెలియదు వాళ్ళకీ తెలియదు. అయిపోయాక ప్లేట్లు ఎలా తీయాలో పైన నా కథలో ఉంది, ఇంకోసారి చదువుకో.

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. ప్రమాదంలో మోకాలికి దెబ్బ తగిలి మంచాన ఉండి లేచాను. బరువులు చేయొచ్చని డాక్టర్ అన్నారు, కానీ పక్కన కుర్రాళ్ళు ముప్పై కేజీల డంబెల్స్ ఆడిస్తుంటే నేను ఐదు కేజీలది పట్టుకుని నిలబడాలంటే నామోషీగా ఉంది.

జవాబు: మీకు తెలుసో లేదో గానీ సార్, ఇవాళ ఆ కుర్రాళ్ళు లెక్కపెట్టే సెట్లు, రెప్స్, మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ పోయే పద్ధతి, ఇదంతా ఒక లెక్కలోకి వచ్చింది మీలాంటివాళ్ళ దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ ఆర్మీ డాక్టర్, మోకాళ్ళు దెబ్బతిని ఆసుపత్రిలో ఉన్న సైనికుల చేత బరువులు ఎత్తించి, ఓపికని బట్టి పెంచుకుంటూ పోయాడు. అంతకుముందు అలాంటివాళ్ళకి తేలిక బరువుతో చాలాసార్లు చేయించేవాళ్ళు. ఆయన 1945లో దాని మీద పేపర్ రాశాడు, పదేసిసార్లు సెట్లుగా చేయడం అనేది అక్కణ్ణుంచే బాగా వాడుకలోకొచ్చింది. అంటే మీరు వాళ్ళ మధ్యలోకి దూరిన కొత్త మనిషి కాదు, ఆ పద్ధతి మొదలైందే మోకాలు బాగోలేనివాళ్ళతో.

ఐదు కేజీలతో పన్నెండుసార్లు మూడు సెట్లూ ఎక్కడా వణక్కుండా వచ్చిన రోజున పక్కనున్న ఆరో ఏడో తీసుకోండి, వరసలో దాని తర్వాతది ఏదుంటే అది. మోకాలి విషయంలో మాత్రం మీ డాక్టరూ ఫిజియోథెరపిస్టూ చెప్పిన కోణం దాటొద్దు. ఆ ముప్పై కేజీల కుర్రాళ్ళలో ఒకణ్ణి, తీరిగ్గా ఉన్నప్పుడు, నువ్వు ఎంతతో మొదలుపెట్టావ్ బాబూ అని అడిగి చూడండి. నేను చాలామందిని అడిగా, ముందు కాస్త నవ్వుతారు, తర్వాత చెప్తారు, మీ ఐదుకి ఎంతో దూరంలో ఉండదు.