నమ్మకం సన్నగిల్లిన ఆదివారాల్లో కూడా మందిరానికి ఎందుకు వెళ్ళాను

ప్రశ్న: క్రమం తప్పకుండా చర్చికి వెళ్తే విశ్వాసం నిజంగా బలపడుతుందా, లేక అదొక అలవాటేనా? కష్టం వచ్చినప్పుడు మీకేమైనా పనికొచ్చిందా?

పనికొచ్చింది. ఎలాగో చెప్పాలంటే కొంచెం మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది ఒంగోలు దగ్గర పల్లె. పెళ్ళయ్యాక మద్రాసు వచ్చాను (మా వాళ్ళు ఇప్పటికీ చెన్నై అనరు). పెరంబూరు వైపు ఉంటాం. రైల్వే ఉద్యోగాలకని వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి, తెలుగు ఆరాధనకు లోటు లేదు. మొదట్లో నేను మందిరానికి వెళ్ళింది ఆ తెలుగు కోసమే. తమిళంలో కూరగాయలు బేరమాడగలను గానీ ప్రార్థన చేసుకోలేను.

తర్వాత మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు. సంఘంలో ఉపవాస ప్రార్థనలు పెట్టారు. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఈయన తలమీద చెయ్యి వేసి, విశ్వాసం ఉంటే ఇక ఆ మిషను అక్కర్లేదన్నాడు. మా ఆయన మర్యాదగా ఆమేన్ అనేసి, మర్నాడు పొద్దున్నే ఎప్పటిలాగే డయాలసిస్‌కు బయల్దేరారు. కిడ్నీలు పూర్తిగా పోయినవాళ్ళు డయాలసిస్ ఆపేస్తే చాలామంది బతికేది కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. వైద్యం మానెయ్యమనే వాళ్ళు ఎన్ని వచనాలు చూపించినా వినకండి.

ఆ మాటతో నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. తగ్గకపోతే మా విశ్వాసం చాలలేదనా అర్థం? పాటల్లో నోరు కదిలేది, లోపల ఏమీ ఉండేది కాదు. ఎవరైనా స్వస్థత గురించి సాక్ష్యం చెప్పడానికి లేస్తే నేను మెల్లగా బయటికొచ్చి చెప్పుల దగ్గర నిలబడేదాన్ని.

అక్కడే ఒకరోజు వెనక వరసలో కూర్చునే పెద్దావిడ నా పక్కకొచ్చి, "అబ్బాయి ఏం తినకూడదమ్మా?" అని అడిగింది. అరటిపండు, కొబ్బరినీళ్ళు, టమాటా వద్దన్నారనీ, తాగే నీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలనీ, కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే పొటాషియం తగ్గుతుందనీ చెప్పాను. తర్వాతి డయాలసిస్ రోజుకి క్యారియర్ పట్టుకుని ఆస్పత్రికే వచ్చేసింది. బీరకాయ ముక్కలు ఉడికించి, నీళ్ళు వార్చేసి, చిటికెడు ఉప్పుతో తాలింపు వేసిన కూర. చింతపండు ఊసే లేదు. రుచి సంగతి అడక్కండి, మా ఆయన గిన్నె ఖాళీ చేశారు. ఆవిడ ఒక్క వచనం కూడా చెప్పలేదు. ఆ తర్వాత స్త్రీల సమాజం వాళ్ళు వంతులు వేసుకుని తెచ్చేవాళ్ళు.

మద్రాసులో ఉంటూ యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమాని తలుచుకోకుండా ఉండలేం. సైదాపేట పక్కన చిన్నమలై, విమానాశ్రయం దగ్గర పరంగిమలై, సముద్రం ఒడ్డున శాంథోమ్, మూడు చోట్లా ఆయన పేరే. క్రీ.శ. 52లో మన దేశానికి వచ్చి, 72లో ఇక్కడే హతసాక్షి అయ్యాడని సంప్రదాయం. అనుమానాల తోమా అని ఆయన్ని తేలిగ్గా తీసిపారేస్తాం గానీ యోహాను 20వ అధ్యాయం మళ్ళీ చదవండి. ప్రభువు సమాధిలోంచి లేచి శిష్యులకు కనబడిన సాయంత్రం తోమా అక్కడ లేడు. నా కళ్ళతో చూస్తేనే నమ్ముతానన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత చూస్తే మళ్ళీ వాళ్ళ మధ్యనే ఉన్నాడు! నమ్మనన్నవాణ్ణి వాళ్ళు పొమ్మనలేదు, ఆయనా మానుకోలేదు. మధ్యలో ఆ వారం రోజులూ వాళ్ళేం మాట్లాడుకున్నారో రాయలేదు గానీ, నాకు సంఘం విలువ తెలిసింది ఆ వారం గురించి ఆలోచించినప్పుడే.

ఇంకో ఆదివారం మా పాస్టరు అయ్యగారు బైబిల్లోని 88వ కీర్తన చదివారు. అది మొరపెట్టుకుంటూ మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి ఉండదు. ఆయన కూడా దానికి ఏ ఓదార్పూ తగిలించకుండా ప్రసంగం ముగించారు. ఆ రోజు నేను బయటికి వెళ్ళలేదు.

"ఇన్నేళ్ళు చర్చికి వెళ్ళి ఏం ఒరిగింది?" అని మా పక్కింటావిడ అడిగింది. ఒంగోలు వాళ్ళకు ఇది పాత ప్రశ్నే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశారు. కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపేశారు. 1878లో సాయం ఆగాక, జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. "గంజి ఆగాక కూడా వచ్చినవాళ్ళ పిల్లలమే మనం" అనేది మా అమ్మమ్మ. (ఆ కాలువే ఇక్కడ మద్రాసులో ఇప్పుడు ముక్కు మూసుకుని దాటాల్సొస్తుంది, అది వేరే కథ.)

మా ఆయనకు డయాలసిస్ ఇంకా నడుస్తూనే ఉంది. ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే బుల్లి గ్లాసు ద్రాక్షరసం కూడా ఆ రోజు నీళ్ళ లెక్కలో వేసుకుంటారు. స్వస్థత కోసం ఇప్పటికీ అడుగుతున్నాం. నాలో బలపడిందేమిటంటారా? ఒకప్పుడు దేవుడి దగ్గర వినయంగా విన్నపాలు చేసుకునేదాన్ని, ఇప్పుడు ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఆయనతో గొడవ కూడా పడతాను. గొడవపడేది ఉన్నాడనుకున్న మనిషితోనే కదా.

మీరు సంఘం వెతుక్కుంటుంటే పాటలు, ప్రసంగాలు చూసి తేల్చుకోకండి. వారం మధ్యలో ఇళ్ళలో జరిగే కూడికకు వెళ్ళండి, మనుషులు అక్కడ తెలుస్తారు. రెండు వారాలు కనబడకపోతే ఎవరైనా ఫోన్ చేస్తారా, చేస్తే ముందు "ఎందుకు రాలేదు" అంటారా, "ఎలా ఉన్నావమ్మా" అంటారా, అది గమనించుకోండి.