బోర్డు లేని డాక్టరు: టెక్కలి తండ్రి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: "మాది టెక్కలి. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అమ్మాయి ఎంబీబీఎస్ ముగించి హౌస్ సర్జన్సీ చేస్తోంది. పీజీలో ఎమర్జెన్సీ మెడిసిన్ తీసుకుంటానని పట్టుబట్టింది. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు అక్కడి ఒక ఎమర్జెన్సీ డాక్టరు వివరాలు పంపాడు. ఆయన పేరు వెనక ఎం.డి., ఎఫ్.ఏ.సి.ఇ.పి. అని ఉంది. నాలుగు ఆస్పత్రులతో అనుబంధం ఉందని రాశారు. సొంత క్లినిక్ మాట ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి తనదంటూ ఒక చోటు లేదా? మా వైపు డాక్టరంటే ఊళ్లో ఒక బోర్డు, సాయంత్రం బెంచీల మీద ఎదురుచూసే రోగులు. మా పిల్ల క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు చేసుకుంటూ ఉండిపోతుందేమోనని భయంగా ఉంది. ఏం చెప్పమంటారు?"

మాస్టారూ, ముందు ఆ అమెరికా డాక్టరు కాగితం సంగతి చూద్దాం. దాన్ని చదవడం తెలిస్తే మీ అమ్మాయి ఎంచుకున్న పని ఎలాంటిదో సగం అర్థమవుతుంది.

అక్కడ ఎం.డి. అంటే మన ఎం.డి. కాదు. అది మొదటి వైద్య పట్టా, మన ఎంబీబీఎస్ స్థానంలో ఉండేది. మామూలు డిగ్రీ నాలుగేళ్లు చదివి, ఆపైన వైద్య కళాశాలలో మరో నాలుగేళ్లు చదివితే అది వస్తుంది. ఆయన్ని ఎమర్జెన్సీ డాక్టరుగా తయారుచేసింది ఆ తరవాత మూడు నాలుగేళ్లు చేసిన రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ. అది ముగిశాక అక్కడి ఎమర్జెన్సీ మెడిసిన్ బోర్డు పరీక్ష రాస్తారు. ఆ బోర్డు 1976లో ఏర్పడింది. 1979లో అమెరికా ఈ విభాగాన్ని ప్రత్యేక వైద్యశాఖగా గుర్తించింది. ఇక ఎఫ్.ఏ.సి.ఇ.పి. అన్నది ఎమర్జెన్సీ వైద్యుల సంఘం ఇచ్చే ఫెలోషిప్ గుర్తింపు. గౌరవమైనదే, కానీ చికిత్స నేర్పే చదువు కాదు. కాబట్టి ఆ కాగితంలో మీరు వెతకవలసింది పేరు వెనక అక్షరాలను కాదు, రెసిడెన్సీ ఎక్కడ చేశారన్న ఒక్క వాక్యాన్ని.

నాలుగు ఆస్పత్రుల సంగతికి వస్తాను. అమెరికాలో చాలాచోట్ల ఎమర్జెన్సీ వైద్యులు ఒక బృందంగా ఏర్పడతారు, లేదా అలాంటి సంస్థలో చేరతారు. ఆస్పత్రులు తమ ఎమర్జెన్సీ విభాగాన్ని నడిపే బాధ్యతను ఆ బృందానికి ఒప్పందం మీద అప్పగిస్తాయి. ఒకే బృందం చేతిలో నాలుగైదు ఆస్పత్రులు ఉండవచ్చు. ఈ వారం నగరంలో తీవ్ర గాయాలకు చికిత్స చేసే పెద్ద ట్రామా కేంద్రంలో పనిచేసిన డాక్టరు వచ్చే వారం పల్లెలోని చిన్న ఆస్పత్రిలో డ్యూటీ చేస్తారు. ప్రతి ఆస్పత్రీ ఆయన చదువు, లైసెన్సు, పాత రికార్డు విడిగా పరిశీలించాకే తన గడప లోపల వైద్యం చేయడానికి అనుమతిస్తుంది. అనుబంధం అన్న మాటకు అర్థం అది. నాలుగు చోట్ల పరిశీలనకు నిలిచిన మనిషిని చోటు లేని మనిషి అనుకోకండి.

సొంత క్లినిక్ ఎందుకు లేదంటే, ఆ పనికి క్లినిక్‌తో అవసరం లేదు. ఆయన దగ్గరికి 'మా డాక్టరు గారు' అని వెతుక్కుంటూ ఎవరూ రారు. ఎవరు ఏ స్థితిలో వస్తారో తెలియకుండా ఎదురుచూసే పని అది. ప్రాణం నిలబెట్టి, జబ్బు ఏ దారిన పోతోందో తేల్చి, గుండె వైద్యుడికో శస్త్రచికిత్స నిపుణుడికో అప్పగించి, తరవాతి మంచం దగ్గరికి నడవాలి. ఆ రోగి బాగుపడి ఇంటికి వెళ్లేటప్పుడు చేతులు జోడించేది వార్డు డాక్టరుకే. మీ అమ్మాయి ఈ సంగతి ఒప్పుకుంటుందో లేదో అడగండి. పేరు కోసం తహతహలాడేవారికి ఈ విభాగం సరిపడదు.

మన దేశంలో పెద్దలకు ఈ డాక్టరు పరిచయం లేకపోవడానికి కారణం ఉంది. అప్పటి మెడికల్ కౌన్సిల్ ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక పీజీ విభాగంగా గుర్తించింది 2009లో. అంతకుముందు క్యాజువాలిటీలో ఒక మెడికల్ ఆఫీసరు, ఇద్దరు హౌస్ సర్జన్లు ఉండేవారు. రోగిని చూసి, ఏ వార్డుకు పంపాలో రాసి పంపేవారు. 108 అంబులెన్సు మన రాష్ట్రంలో మొదలైంది 2005 ఆగస్టు 15న. అంటే రోగిని వేగంగా తెచ్చే బండి ముందు వచ్చింది. ఆ బండి తలుపు తెరిచేసరికి ఎదురుగా నిలబడవలసిన నిపుణుడు తరవాత వచ్చాడు. మన జిల్లాల్లో ఆ నిపుణుడి కొరత ఇంకా కనిపిస్తూనే ఉంది.

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా అన్నయ్యకు రాత్రి పూట గుండెలో బరువుగా ఉందంటే ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. బయట ఇరవై నాలుగు గంటల ఎమర్జెన్సీ అని ఎర్రక్షరాలు వెలుగుతున్నాయి. లోపల ఉన్న కుర్ర డాక్టరు గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోబెట్టాడు. ఈసీజీ తీసేసరికి నలభై నిమిషాలు దాటింది. ఆ తరవాత 'వైజాగ్ తీసుకెళ్లిపోండి' అన్నారు. అన్నయ్య బతికాడు, కానీ గుండె బలం సగానికి పడిపోయింది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ నేర్పలేదు. ఛాతీ నొప్పితో వచ్చినవారికి పది నిమిషాల లోపు ఈసీజీ తీయాలన్నది ఈ విభాగంలో మొదటి పాఠం. ఆ రాత్రి అక్కడ ఆ పాఠం చదివినవారు లేరు.

మీ ఊరి నుంచే ఆలోచించండి. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను పీడిస్తోందో మీకు నేను చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆస్పత్రి ప్రారంభమైంది. కానీ ఒక డయాలసిస్ తప్పిన మనిషికి అర్ధరాత్రి ఊపిరి ఆడకపోతే ఏమవుతుంది? రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె లయ తప్పవచ్చు. ఈసీజీలో ఆ గుర్తులు పోల్చుకుని వెంటనే కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చేవారుంటే, డయాలసిస్ యంత్రం దగ్గరికి చేరేవరకు ఆ గుండె కొట్టుకుంటుంది. పోల్చుకోలేకపోతే ఆగిపోతుంది.

పొలాల్లో పాముకాట్లు మరో సంగతి. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. ఆ వాలిన రెప్పలు చూసి పాముకాటని అనుమానించి, ఊపిరి ఆగకముందే గొంతులోకి ఊపిరి గొట్టం వేయగలిగిన డాక్టరు కావాలి. రక్తపింజర కాటుకు మరో పరీక్ష ఉంది. శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచితే, గడ్డకట్టిందో లేదో చూసి విషం ఒంటికెక్కిందా అని తేల్చవచ్చు. ఖరీదైన ల్యాబు లేని చోట కూడా చేయగల పని ఇది. పురుగుమందు తాగినవారికి అట్రోపిన్ ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కూడా మంచం పక్కన నిలబడి నేర్చుకునే విద్యే.

ఇచ్ఛాపురం నుంచి మొదలుకుని మన జిల్లాలను చీల్చుకుంటూ పోయే జాతీయ రహదారి ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు ప్యాసింజరు రైళ్లు ఢీకొన్నాయి. అలాంటి రాత్రి ఒక్కసారిగా పదుల మంది గుమ్మంలోకి వస్తే, గట్టిగా అరుస్తున్న మనిషి కంటే మాట లేకుండా పడున్న మనిషిని ముందు చూడాలని తెలిసి, ఎవరిని ముందు తీసుకోవాలో నిమిషంలో తేల్చే చదువు ఇది. శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్లకు పైనే. ఆ దూరం బండిలో గడిచే సమయాన్ని ప్రాణం తట్టుకునేలా చేసి పంపేవారు ఇక్కడే ఉండాలి. ఇన్ని రకాల కేసులు చూసే అవకాశం పెద్ద నగరంలోని అద్దాల ఆస్పత్రిలో దొరకదని నా నమ్మకం.

ఇప్పుడు జాగ్రత్త పడవలసిన చోటు. మన దగ్గర పీజీగా చెల్లేవి ప్రధానంగా రెండు: వైద్య కళాశాలల్లో మూడేళ్ల ఎం.డి. ఎమర్జెన్సీ మెడిసిన్, జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే డి.ఎన్.బి. ఎమర్జెన్సీ మెడిసిన్. రెండింటికీ ఎక్కువ సీట్లకు నీట్ పీజీ ర్యాంకే దారి. ఇవి కాక కొన్ని ప్రైవేటు ఆస్పత్రులు ఎం.ఇ.ఎం. (మాస్టర్స్ ఇన్ ఎమర్జెన్సీ మెడిసిన్) పేరుతో మూడేళ్ల శిక్షణ ఇస్తాయి. కొన్ని చోట్ల విదేశీ విశ్వవిద్యాలయం పేరు కూడా జోడిస్తారు. అక్కడ పని బాగా నేర్చుకున్నవారు నాకు తెలుసు. అయినా అది పాత మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన జాతీయ మెడికల్ కమిషన్ గుర్తించిన పీజీ పట్టా కాదు. దానితో మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు కాలేరు, ప్రభుత్వంలో స్పెషలిస్టు ఉద్యోగానికి నిలబడరు. ర్యాంకు తగ్గిందన్న దిగులులో ఇంటర్వ్యూతో సీటు ఇస్తామన్న చోటికి పరుగెత్తకండి. బ్రిటన్ వారి ఎమర్జెన్సీ వైద్యుల సభ్యత్వ పరీక్ష ఎం.ఆర్.సి.ఇ.ఎం. ఆ దేశంలో వైద్యుల రిజిస్ట్రేషనుకు ఉపయోగపడుతుంది. ఇక్కడ ఎం.డి. సీటుకు అది బదులు కాదు. అమెరికా వెళ్లాలంటే సాధారణంగా అక్కడి పరీక్షలు రాసి రెసిడెన్సీ మళ్లీ చేయవలసిందే. మేనల్లుడి మాట విని ఈ లెక్క మరిచిపోవద్దు.

సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ పేరు కంటే ఆ క్యాజువాలిటీని చూడమనండి. ఒక శనివారం రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అక్కడ కూర్చుంటే చాలా తెలుస్తుంది. ఎమర్జెన్సీ మెడిసిన్‌లోనే పీజీ చేసిన ప్రొఫెసరు ఎవరైనా ఉన్నారా? రోగికి గొంతులోకి ఊపిరి గొట్టం వేయవలసి వస్తే ఆ పని పీజీ విద్యార్థి చేస్తున్నాడా, మత్తు డాక్టరు వచ్చేదాకా అందరూ చేతులు కట్టుకుని నిలబడుతున్నారా? మంచం పక్కన అల్ట్రాసౌండు యంత్రం ఉందా, ఉన్నా దాని మీద గుడ్డ కప్పి ఉందా? చివరి సంవత్సరం పీజీలను పక్కకు పిలిచి టీ ఇప్పించి అడిగితే నిజం చెబుతారు. మీ అమ్మాయి హౌస్ సర్జనే కాబట్టి ఈ ప్రశ్నలు అడగడానికి ఆమెకు మొహమాటం అక్కరలేదు.

రాత్రి డ్యూటీల గురించి అబద్ధం చెప్పను. అవి ఉంటాయి, పండగ రోజుల్లోనూ ఉంటాయి. సంక్రాంతికి ఇల్లంతా నిండి ఉంటే ఆమె ఆస్పత్రిలో ఉంటుంది. అయితే డ్యూటీ ముగిశాక రోగులను తరవాతి డాక్టరుకు అప్పగించి ఇంటికి వస్తుంది. ప్రసూతి వైద్యురాలిలా ఫోను పక్కన పెట్టుకుని నిద్రపోనక్కరలేదు. పెళ్లి సంబంధాల భయం మీ మాటల చాటున వినిపించింది. వచ్చేవారికి ఈ డ్యూటీల పద్ధతి మొదటి రోజే చెప్పేయండి. దాచి చేసిన సంబంధం కంటే చెప్పాక నిలిచిన సంబంధం మేలు.

నాకు నిజంగా దిగులు కలిగించేవి వేరే ఉన్నాయి. రోగి చనిపోతే బంధువుల కోపం మొదట విరుచుకుపడేది ఎమర్జెన్సీ డాక్టరు మీదే. మన రాష్ట్రంలో వైద్య సిబ్బంది మీద దాడులకు 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, కానీ ఆ క్షణంలో కాపాడేది గుమ్మం దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ మనిషి. చేరే చోట అతను ఉన్నాడో లేడో చూసుకోవాలి. కొట్లాటలు, ప్రమాదాలు, విషాలు అన్నీ మెడికో లీగల్ కేసులే, అంటే పోలీసులు, కోర్టుల దాకా వెళ్లేవి. వాటి గాయాల సర్టిఫికెట్ రాసిన డాక్టరు రెండు మూడేళ్ల తరవాత కోర్టుకు వెళ్లి సాక్ష్యం చెప్పవలసి రావచ్చు. రాసేటప్పుడు అక్షరం ముక్క తప్పుపోకూడదు. ఇవి భరించగలనని ఆమె నోటితో ఆమే చెప్పాలి.

ఇక ఊళ్లో బోర్డు సంగతి. ఎం.డి. అయ్యాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, నెల్లిమర్లలో, రాగోలులో ప్రైవేటు కళాశాలలున్నాయి. వాటి బోధనాసుపత్రులకు ఈ నిపుణుల అవసరం ఉంది. చదువు ఇంకా సాగించాలనుకుంటే క్రిటికల్ కేర్‌లో, అంటే ఐసీయూ వైద్యంలో, పీజీ పైన చేసే డి.ఎం. దారి తెరిచే ఉంటుంది. సొంత ప్రాక్టీసు ఆశ మాత్రం పెట్టుకోవద్దు. ఎక్కడ పనిచేసినా ఆమె రిజిస్ట్రేషన్ నంబరు ఆమెతోనే వస్తుంది. చీటీ మీద పేరు కింద ఆ నంబరు రాయాలన్నది నిబంధన. ఆస్పత్రులు మారినా అది మారదు.

మాస్టారూ, ఈ నెలలో ఒక రాత్రి మీరూ ఆమె డ్యూటీ చేసే చోటికి వెళ్లండి. అడ్డం రాకుండా బయట బల్ల మీద ఒక గంట కూర్చోండి. 108 వచ్చి ఆగినప్పుడు మీ అమ్మాయి ముందుకు అడుగేస్తుందో వెనక్కి తగ్గుతుందో మీరే చూస్తారు. ర్యాంకు వచ్చాక, కౌన్సెలింగులో ఐచ్ఛికాలు పెట్టే ముందు నాకు మళ్లీ రాయండి. ప్రతి కాలేజీ పేరు ఎదుట, ఆ శనివారం రాత్రి అక్కడ గొట్టం ఎవరు వేశారో ఒక్క మాట రాసి పంపమని ఆమెకు చెప్పండి.