మెనోపాజ్ రాత్రి చెమటలు: చెన్నై ఉక్కలో నిద్ర ఎలా దక్కించుకోవాలి, హార్మోన్లు వాడొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వయసు 48, నెలసరి నాలుగైదు నెలలకోసారి వస్తోంది, రాత్రి రెండింటికో మూడింటికో నైటీ తడిసి ముద్దయి మెలకువ వచ్చేస్తోంది, ఏసీ పెంచితే మీవారికి చలి, డాక్టరమ్మేమో 'వయసు కదమ్మా, మామూలే' అని కాల్షియం మాత్రలు రాసి పంపేశారు, హార్మోన్లు వాడితే కేన్సర్ వస్తుందని మీ అక్కయ్య భయపెట్టారు. నేను చెన్నైలో పెరంబూరులో ఉంటాను, సొంతూరు నెల్లూరు పక్కన. ఇప్పుడు నాకు 53, ఇదంతా దాటుకుంటూ వచ్చినదాన్నే కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే, పగటి ఆవిర్ల (ఉన్నట్టుండి ఒంట్లోంచి సెగ రావడం, హాట్ ఫ్లాషెస్ అంటారు) సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు రాత్రి నిద్రని ఒక దారికి తెచ్చుకోండి. నిద్ర చెడిందంటే మర్నాడు చిరాకు, మతిమరుపు, ఒళ్లు నొప్పులు అన్నీ రెండింతలవుతాయి. ఇంట్లోవాళ్లకి మన చెమట కనపడదు, కోపం మాత్రమే కనపడుతుంది, 'ఈవిడకి ఈమధ్య ఏమైందో, ఊరికే అరుస్తోంది' అంటారు.

నాకు ముందు గుండె దడ వచ్చేది, ఎందుకో తెలియని కంగారు, ఆ వెంటనే ఛాతీ దగ్గర మొదలై మెడ మీదుగా ముఖానికి సెగ, ఉడుకుతున్న అన్నం గిన్నె మూత తీస్తే ఆవిరి కొట్టినట్టు. మహా అయితే రెండు మూడు నిమిషాలు. తర్వాత మెడ వెనక, వీపు మీద చెమట కాలవలు కట్టేది, దాని మీద ఫ్యాను గాలి తగలగానే వణుకు. దుప్పటి తీసెయ్, మళ్లీ కప్పుకో, మళ్లీ తీసెయ్, ఇదే పని తెల్లారేదాకా. మెదడులో హైపోథాలమస్ అని ఒంటి వేడిని చూసుకునే చోటు ఒకటుంది, ఈస్ట్రోజన్ అనే ఆడవాళ్ల హార్మోన్ తగ్గేసరికి దానికి ఓర్పు తగ్గిపోతుంది. ఒంటి వేడి ఇసుమంత పెరిగినా ఏదో కొంపలంటుకున్నట్టు చర్మం కింది రక్తనాళాలు తెరిచేసి, చెమట పట్టించి ఒంటిని చల్లబరచాలని చూస్తుంది. మా అత్తగారు దీన్ని ఒంట్లో వేడి చేసిందనే అనేవారు, బార్లీ నీళ్లు, సబ్జాలు, సుగంధిపాల షర్బత్, ఎదురింటి తమిళావిడ ఇచ్చిన మెంతుల గంజి అన్నీ తాగించారు. దాహానికి మంచివే, ఆవిర్లు మాత్రం ఒక్కటి కూడా తగ్గలేదు.

ఇక చెన్నై సంగతి మీకు చెప్పక్కర్లేదు. పొడి ఊళ్లలో చెమట పట్టినా ఆరిపోతుంది, ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది, ఇక్కడ సముద్రపు తేమకి అది ఒంటి మీదే నిలుస్తుంది, మే నెల కత్తిరి ఎండల్లో అయితే అర్ధరాత్రి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. అందుకే గదిని మరీ చల్లగా చెయ్యడం కన్నా గాలి ఆడేలా చూసుకోవడం మీద దృష్టి పెట్టండి. మా గదిలో ఏసీ 26 మీద ఉంటుంది, సీలింగ్ ఫ్యాను సన్నగా తిరుగుతుంది, నా వైపు మంచం పక్కన స్టూలు మీద చిన్న టేబుల్ ఫ్యాను, దాని స్విచ్ పడుకునే చేతికి అందేట్టు. మావారు తన వైపు శాలువా చెవులదాకా కప్పుకుని హాయిగా నిద్రపోతారు. ఇద్దరికీ ఒకే దుప్పటి అనే పద్ధతి మాత్రం మానెయ్యండి, సగం గొడవలు అక్కడే.

పరుపు కూడా చూడండి. స్పాంజి పరుపు, మెమరీ ఫోమ్ లాంటివి ఒంటి వేడిని పట్టి ఉంచుతాయి. కొత్తది కొనమని చెప్పను, ఉన్నదాని మీదే తమిళనాడులో పత్తమడై అనే ఊళ్లో నేసే కోరగడ్డి చాప ఒకటి పరిచి పైన పల్చటి నూలు దుప్పటి వేసుకోండి, మొదటి రెండు రోజులు గరుగ్గా ఉన్నట్టుంటుంది, తర్వాత అలవాటవుతుంది. దిండు మీద తువ్వాలు వేసుకోండి, తడిసిందంటే తీసి పక్కన పడెయ్యొచ్చు. ఇంకో నైటీ మడత పెట్టి మంచం కాళ్ల దగ్గరే ఉంచుకోండి, లైటు వేసి బీరువా తెరిచి వెతికారంటే నిద్ర పూర్తిగా పోయినట్టే. నైటీ మెత్తటి కాటన్‌ది, ముందు గుండీలున్నది అయితే తడిసినప్పుడు తలమీంచి లాగక్కర్లేదు. శాటిన్, సింథటిక్‌వి ఎవరికైనా ఇచ్చెయ్యండి.

ఒక్కటి నిజాయితీగా చెప్పాలి, ఈ ఏర్పాట్ల వల్ల ఆవిర్లు రావడం తగ్గదు, వచ్చాక మళ్లీ త్వరగా నిద్ర పడుతుంది, అంతే. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో హార్మోన్లు కాని వైద్యాల గురించి ఒక ప్రకటన ఇచ్చింది, అందులో కూడా చల్లబరిచే చిట్కాలు, సోయా, యోగా వల్ల ఆవిర్లు తగ్గుతాయనడానికి తగిన ఆధారం లేదనే ఉంది. పనిచేస్తాయన్నవాటిలో సీబీటీ అనే మానసిక చికిత్స, బరువు తగ్గడం, కొన్ని మందులు ఉన్నాయి. యోగా మీకు ఇష్టమైతే చెయ్యండి, నేనూ చేస్తాను, నడుముకి మంచిది. ఇన్‌స్టాగ్రామ్‌లో మెనోపాజ్ పొడులని అమ్మేవాటి జోలికి మాత్రం పోకండి, అందులో ఏముందో అమ్మేవాళ్లకే తెలియదు.

తిండి ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. నాకు సాయంత్రం ఫిల్టర్ కాఫీ పడేది కాదు, ఆవకాయ మాత్రం ఏమీ చేసేది కాదు, మా వదినకి పూర్తిగా తిరగబడి. ఓ రెండు వారాలు క్యాలెండర్ మీద రాసుకుంటే మీకేది పడట్లేదో మీకే తెలుస్తుంది, అన్నీ ఒకేసారి మానేసి నోరు కట్టేసుకోకండి. పగటిపూట నాకు బాగా ఇబ్బంది అనిపించింది పెళ్లిళ్లే, కంచిపట్టు చీర, జాకెట్ కింద మందపాటి లైనింగు, ముహూర్తం వేళ హోమం పొగ. ఇప్పుడు వెంకటగిరి జరీ నూలు చీర కట్టి వెళ్లిపోతున్నాను, ఎవరేమనుకుంటే నాకేం.

ఇప్పుడు అసలు విషయం, డాక్టరు. అన్నిటికీ మెనోపాజ్ అనుకోకుండా ముందు కొన్ని చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు, దడ ఇలాగే ఉంటాయి, టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. షుగరుకి ఇన్సులిన్‌గానీ కొన్ని రకాల మాత్రలుగానీ వాడుతుంటే రాత్రి షుగరు పడిపోయి కూడా చెమట పడుతుంది. జ్వరం, దగ్గు, బరువు తగ్గడం తోడైతే మన దేశంలో టీబీని మర్చిపోకూడదు. ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే ఇది ఆవిరే అని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీ వయసులో మెనోపాజ్ అని తేల్చుకోవడానికి హార్మోన్ పరీక్షలు మామూలుగా అవసరం లేదు, లక్షణాలు, నెలసరి తీరు చాలు.

హార్మోన్ల భయం ఎక్కడిదంటే, 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనంలో ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరాన్ హార్మోన్‌లా పనిచేసే మందు) కలిపి వాడినవాళ్లలో రొమ్ము కేన్సర్ పదివేల మందికి ఏడాదికి 30 బదులు 38 కనిపించింది, గుండెజబ్బు, పక్షవాతం, రక్తం గడ్డలు కూడా పెరిగాయి. పేపర్లన్నీ హోరెత్తించాయి. కానీ అందులో చేరినవాళ్ల సగటు వయసు 63, చాలామందికి నెలసరి ఆగి పదేళ్లు దాటింది. తర్వాత వయసులవారీగా విడదీసి చూస్తే లెక్క మారింది, 60 లోపువాళ్లకి, ఆగి పదేళ్లు కానివాళ్లకి, ఇబ్బంది ఎక్కువగా ఉంటే, వేరే అడ్డంకులు లేకపోతే లాభమే ఎక్కువని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. రొమ్ము కేన్సర్ వచ్చినవాళ్లు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు మామూలుగా వాడకూడదు. నాకు రాసేముందు బీపీ, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), స్కానింగ్ చేయించారు, ఇంట్లో ఎవరికేం జబ్బులున్నాయో అడిగారు. ఈస్ట్రోజన్ జెల్, చర్మానికి రాసుకునేది, మాత్ర కంటే రక్తం గడ్డకట్టే ప్రమాదం తక్కువట. గర్భసంచి ఉంది కాబట్టి దాని పొర మందం కాకుండా ప్రొజెస్టిరాన్ గుళిక, అది కాస్త మత్తుగా ఉంటుంది కాబట్టి రాత్రి పడుకునేముందు. కొన్ని వారాల్లో రాత్రి చెమటలు బాగా తగ్గాయి. ఏడాదికోసారి వెళ్లి కొనసాగించాలా వద్దా మాట్లాడుకుంటాం.

హార్మోన్లు కుదరనివాళ్లకి కూడా దారులున్నాయి. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు తక్కువ మోతాదులో ఇస్తారు, రాత్రి బాధే ఎక్కువైతే మూర్ఛకి, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్. డిప్రెషన్ మందు రాశారేంటని బెదిరిపోకండి, ఇక్కడ వాడేది ఆవిర్ల కోసం. రొమ్ము కేన్సర్‌కి టామాక్సిఫెన్ వాడేవాళ్లకి మాత్రం పారాక్సెటిన్ పనికిరాదు, టామాక్సిఫెన్ పనిని చెడగొడుతుంది. ఏదైనా సరే డాక్టరు రాయకుండా మందుల షాపులో అడిగి కొనుక్కోవద్దు.

మీ ప్రశ్న కింద ఒకావిడ తనకి 34కే గర్భసంచి తీసేశారని రాశారు. మన తెలుగు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్లు దేశం సగటు కన్నా చాలా ఎక్కువ, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది, చదివితే ఒళ్లు మండుతుంది. అమ్మా, మీ డిశ్చార్జి కాగితం వెతికి అండాశయాలు కూడా తీశారేమో చూసుకోండి. తీసేసి ఉంటే ఆవిర్లు ఉన్నట్టుండి, గట్టిగా వస్తాయి, ఎముకలకి, గుండెకి కూడా జాగ్రత్త కావాలి, మీరు తప్పకుండా చూపించుకోవాలి.

'వయసు కదమ్మా' అన్న డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లాలని లేదు. ఈసారి రాత్రికి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో, ఎన్నాళ్లనుంచో కాగితం మీద రాసి పట్టుకెళ్లి, 'హార్మోన్లు నాకు సరిపడతాయా, సరిపడకపోతే ఎందుకు' అని నేరుగా అడగండి. ఖర్చుకి వెనకాడేవాళ్లకి ఎగ్మోర్‌లో ప్రభుత్వ ప్రసూతి, స్త్రీల ఆసుపత్రి ఉంది, రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్లాలి. ఇంకోటి, నెలసరి నాలుగైదు నెలలకోసారి వస్తోంది కాబట్టి గర్భం రాదనుకోకండి, 50 లోపు ఆగితే రెండేళ్లు, 50 దాటాక ఆగితే ఏడాది జాగ్రత్తగా ఉండాలి, ఈ హార్మోన్లు గర్భనిరోధకం కాదు. పూర్తిగా ఏడాది ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆ వారంలోనే డాక్టరుకి చూపించండి.